అటక మీది పుస్తకానికి పాట ఎవరు పాడతారు?

నరసరావుపేటలోనో గురజాలలోనో పాత పెంకుటిల్లు దించి స్లాబు వేద్దామనుకున్నప్పుడు ముందు ఖాళీ చేయాల్సింది అటక. ఇత్తడి గంగాళాలు తూకానికి పోతాయి, విరిగిన మంచం కోళ్లు పొయ్యిలోకి పోతాయి. తాతగారి ట్రంకుపెట్టె దగ్గరకు వచ్చేసరికి మాత్రం అందరూ ఆగిపోతారు. బైండు చేయించిన చందమామలు, మాస్కోలో అచ్చయిన రాదుగ పుస్తకాలు, అట్ట ఊడిన వావిళ్లవారి ప్రబంధం ఒకటి, వారపత్రికల్లోంచి చించి కుట్టించుకున్న సీరియళ్లు. పాతపేపర్లాయన కిలో లెక్కన అడుగుతాడు. బెంగళూరులో ఉన్న మనవడు ఫోన్లో వెదికి, "ఇలాంటిదే నెట్‌లో పదివేలకు పెట్టారు, తొందరపడొద్దు" అంటాడు.

మనవడు చెప్పింది అబద్ధం కాదు గానీ అందులో ఒక మెలిక ఉంది. పదివేలకు ఎవరో పెట్టారు, సరే. ఎవరైనా కొన్నారా? పాత పుస్తకాల బజారులో అడిగే ధరకూ అమ్ముడయ్యే ధరకూ మధ్య దూరం చాలా ఎక్కువ. ఒకే పుస్తకం మూడేళ్లుగా అదే పదివేల దగ్గర పడి ఉండవచ్చు. ఈబే లాంటి వేలం సైట్లలో అమ్ముడైపోయిన వస్తువులను మాత్రమే చూపించే మీట ఒకటి ఉంటుంది. ముందు అది నొక్కి, నిజంగా డబ్బు చేతులు మారిన ధరలు చూడాలి. అక్కడ మీ పుస్తకం ఒక్కసారి కూడా కనిపించకపోతే దాని ధర ఇంకా ఎవరికీ తెలియదన్నమాట. వేలం పనికొచ్చేది సరిగ్గా అలాంటప్పుడే.

వేలం మన రైతులకు కొత్త కాదు. గుంటూరు యార్డుకు మిర్చి తోలిన ప్రతివాడికీ తెలుసు: కొనేవాడు టిక్కీ విప్పుతాడు, కాయ తుంచుతాడు, రంగూ తేమా చూస్తాడు, అప్పుడు ధర చెబుతాడు. ఆన్‌లైన్ వేలంలో ఆ కాయ తుంచే వీలు కొనేవాడికి లేదు. ఆ పని అమ్మేవాడే చేసి, లోపం ఎక్కడుందో తానే చూపించాలి. ఇది చేతనైనవాడికి పాట పెరుగుతుంది. చేతకానివాడి దగ్గర పుస్తకం ఎంత అరుదైనదైనా కొనేవాడు అనుమానంతో సగానికే ఆగిపోతాడు.

పాట సాగే తీరు ఒకసారి చూద్దాం. పల్నాటి వీరుల కథ మీద జీన్ రోగెయిర్ అనే అమెరికా పరిశోధకుడు రాసిన 'ది ఎపిక్ ఆఫ్ పల్నాడు' 1982లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు వేశారు. అది మీ దగ్గర ఉందనుకుందాం. సర్కారువారి పాట 500 అని పెట్టారు. హైదరాబాదులో ఒకాయన 3000 దాకా పోదామనుకుని ఆ అంకె సైటుకు చెబుతాడు. చికాగోలో ఇంకొకాయన 4500 అంటాడు. ఈ అంకెలు ఒకరివి ఒకరికి కనబడవు. సైటే ఇద్దరి తరఫునా నూరేసి చొప్పున పాడుతూ పోయి, 3100 దగ్గర చికాగో ఆయనకు కొట్టేస్తుంది. ఆయన 4500 ఇవ్వడానికి సిద్ధపడ్డా కట్టేది 3100. అంటే మీ పుస్తకం ధర తేల్చింది గెలిచినవాడు కాదు, ఓడినవాడు. హైదరాబాదు ఆయన ఆ వారం పెళ్లి పనుల్లో ఉండి సైటు చూడకపోతే అదే పుస్తకం 500కే పోయేది.

ఈ రెండో ధర పద్ధతిని 1961లో విలియం వికరీ అనే ఆర్థికవేత్త లెక్కకట్టి వివరించాడు. 1996లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఎవరి మనసులోని అసలు ధర వాళ్లు దాచకుండా చెప్పడమే వాళ్లకు లాభం అని ఆయన తేల్చాడు. మనుషులు అలా చేయరు. ఆఖరి నిమిషం దాకా నక్కి ఉండి, ముగిసే ముందు పాట పాడతారు. ఆల్విన్ రోత్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ అనే ఇద్దరు 2002లో ఈ సంగతే రాశారు: గడియారం ప్రకారం ముగిసే ఈబేలో ఆఖరి నిమిషపు పాటలు ఎక్కువ, పాట వచ్చినకొద్దీ సమయం పొడిగించే అప్పటి అమెజాన్ వేలంలో తక్కువ. కాబట్టి అయిదు రోజులైనా ఒక్క పాట రాలేదని బెంగపడి వేలం మధ్యలో ఎత్తేయకండి.

ముగింపు గంట కూడా లెక్కలోకి వస్తుంది. తెలుగు పుస్తకాలకు డబ్బు పెట్టేవాళ్లలో చాలామంది అమెరికాలో ఉన్నారు. మన ఆదివారం ఉదయం 8 గంటలకు పాట ముగిసేలా పెడితే న్యూజెర్సీలోనూ డాలస్‌లోనూ శనివారం రాత్రి అవుతుంది. భోజనాలై తీరిగ్గా ఉంటారు. మనకు వీలని రాత్రి 9కి పెడితే అక్కడ పగటి పనుల హడావుడి.

ఇంతకీ ఇద్దరు పోటీపడే తెలుగు పుస్తకాలు ఏవి? పాతవన్నీ అరుదు కావు, అరుదైనవన్నీ ప్రియం కావు. ఇంగ్లీషులో హ్యారీ పాటర్ మొదటి పుస్తకం 1997లో వచ్చింది. గట్టి అట్ట ప్రతులు అప్పుడు వేసినవి 500. 2021లో అందులో ఒకటి వేలంలో 4,71,000 డాలర్లకు పోయింది. పాతికేళ్లు కూడా నిండని పుస్తకం! మన పుస్తకాల్లో చాలావాటికి ప్రతులు 1000 అనే వేస్తారు, అయినా ధర రాదు. కోరేవాళ్లు లేకపోతే కొరత ఒక్కటే ధర తేలేదు.

నాకు తెలిసినంతలో పోటీ ఉండేవి కొన్ని చెబుతాను. 1947 జులైలో మొదలైన చందమామ తొలి సంవత్సరాల సంచికలు. ముఖ్యంగా అట్టలతో సహా ఉన్నవి. చిత్రకారుడు వపా బొమ్మ ఉన్న అట్టల కోసం వెదికేవాళ్లు వేరే ఉన్నారు. ఇక్కడే మన ఇళ్లలో పెద్ద నష్టం జరిగింది: పన్నెండు సంచికలూ కలిపి బైండు చేయించేటప్పుడు బైండరు అట్టలు తీసేసి, అంచులు కోసేశాడు. బైండు పుస్తకం చదువుకోవడానికి భేష్, పాటకు మాత్రం సగం ధరే. ఆంధ్రపత్రిక ఉగాది సంచికలకు గిరాకీ ఉంది. శ్రీశ్రీ చేతిరాతలోనే 1981లో లండన్‌లో గూటాల కృష్ణమూర్తి వేసిన మహాప్రస్థానానికీ ఉంది. నిషేధం తగిలిన పుస్తకాలకు ఎప్పుడూ ఒక ఆకర్షణ ఉంటుంది. బెంగళూరు నాగరత్నమ్మ 1910లో వేయించిన రాధికా సాంత్వనం, ఉన్నవ లక్ష్మీనారాయణ మాలపల్లి తొలి ముద్రణ అలాంటివి. దొరికితే దాచుకోవాలనిపిస్తుంది, అమ్మాలనిపించదు, అది వేరే సంగతి. వినుకొండలో పుట్టిన జాషువా గబ్బిలం 1941 నాటి ప్రతి, అక్కిరాజు ఉమాకాంతం పరిష్కరించిన 1911 నాటి పల్నాటి వీరచరిత్ర మన పల్నాడు జిల్లాకు సంబంధించినంతలో మొదట వెదకాల్సినవి.

అయితే పల్నాడు మీద ఎక్కువ పాట పలికేవి తెలుగు పుస్తకాలు కావు. ఇప్పుడు మన జిల్లాలో ఉన్న అమరావతి స్తూపం శిల్పాల మీద జేమ్స్ ఫెర్గూసన్ 1868లో లండన్‌లో వేసిన 'ట్రీ అండ్ సర్పెంట్ వర్షిప్', అమరావతి, జగ్గయ్యపేట స్తూపాల మీద 1887 నాటి బర్జెస్ గ్రంథం, మాచర్ల పక్క నాగార్జునకొండ మీద లాంగ్‌హర్స్ట్ 1938లో రాసిన పురావస్తుశాఖ నివేదిక, పల్నాడు ఇంకా కృష్ణా జిల్లాలో ఉన్నప్పుడు గోర్డన్ మెకంజీ 1883లో రాసిన కిస్ట్నా జిల్లా మాన్యువల్. వీటిని కొనేవాడికి తెలుగు రానక్కర్లేదు. బౌద్ధ శిల్పం చదివేవాళ్లు లండన్‌లో ఉన్నారు, జపాన్‌లో ఉన్నారు. కొనేవాళ్ల గుంపు పెద్దదయ్యేసరికి పాట దానంతటదే పెరుగుతుంది. పాత తాలూకా కచేరీ ఉద్యోగుల ఇళ్లలో, వకీళ్ల బీరువాల్లో ఇలాంటివి "ఏవో ఇంగ్లీషు రిపోర్టులు" అన్న పేరుతో తుక్కులో పడి ఉండే అవకాశం ఉంది.

పాట రానివాటి జాబితా పెద్దది గనుక దాన్ని తొందరగా దాటేద్దాం: పాఠ్యపుస్తకాలు, గైడ్లు, ఒక సంపుటి తగ్గిన సెట్లు, ఇప్పటికీ మార్కెట్లో దొరికే నవలలు. అద్దె లైబ్రరీ ముద్రలతో, పేజీ మూలలు మడతలతో వచ్చే 1980ల నవలలకు జ్ఞాపకాల విలువ ఎక్కువ, పాట విలువ తక్కువ. వారపత్రికల్లోంచి చించి కుట్టించిన సీరియళ్ల సంగతి వేరు. నవల పుస్తకంగా వచ్చినప్పుడు బొమ్మలు పోయాయి. ఆ కుట్టులో బాపు బొమ్మలో ఇంకొకరి బొమ్మలో అలాగే ఉన్నాయి. వాటిని నవల పేరుతో కాకుండా చిత్రకారుడి పేరుతో వేలానికి పెట్టి చూడండి.

ఇంకో మాట. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన వేల తెలుగు పుస్తకాలు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఉచితంగా ఉన్నాయి. "ఎక్కడా దొరకని పుస్తకం" అని రాసేముందు అక్కడ ఒకసారి వెదకండి. లోపలి విషయం ఉచితంగా దొరికినప్పుడు మీరు అమ్మేది కాగితం, అట్ట, అచ్చు, సంతకం. చదవడానికే కావాలనుకునేవాడు వెళ్లిపోతాడు, వస్తువు కావాలనుకునేవాడు మిగులుతాడు.

ఇప్పుడు పుస్తకం చేతిలోకి తీసుకుందాం. ముఖపత్రం తిప్పితే దాని వెనకో, పుస్తకం చివరనో అచ్చు వివరాల పేజీ ఉంటుంది. ప్రథమ ముద్రణా, పునర్ముద్రణా, ప్రతులు ఎన్ని, వెల ఎంత, ఏ ప్రెస్సు అన్నవన్నీ అక్కడే. సంవత్సరం లేకపోతే వెల చూడండి. రూపాయలు, అణాలు, పైలుగా మూడు గళ్లలో ఉంటే అది 1957 ఏప్రిల్ 1కి ముందు వేసినదై ఉండాలి. ఆ రోజునే దశాంశ నాణేలు వచ్చాయి. నయాపైసలని ఉంటే ఆ తర్వాతి కొద్ది సంవత్సరాలది. ప్రభవ అనో విభవ అనో తెలుగు సంవత్సరం మాత్రమే వేసి ఉంటే జాగ్రత్త, అరవై ఏళ్లకు అదే పేరు మళ్లీ వస్తుంది: 1927 ప్రభవే, 1987 ప్రభవే. కాగితం, అక్షరాల తీరు చూస్తే ఏదో తేలిపోతుంది. పీఠిక కింద తేదీ ఉంటే పుస్తకం అంతకు ముందుది కాదని మాత్రం చెప్పవచ్చు. ఒక్కొక్కసారి మూడో ముద్రణలో కూడా మొదటి పీఠికే ఉంటుంది, తేదీతో సహా.

పాత పుస్తకాన్ని ఫోటో తీసి యథాతథంగా వేసిన ప్రతులు మరీ మోసం చేస్తాయి. బ్రౌన్ నిఘంటువుకు ఈ పద్ధతిలో పునర్ముద్రణలు వచ్చాయి. ముఖపత్రం మీద 1852 అనే ఉన్నా కాగితం నిన్నమొన్నటిది కావచ్చు. "170 ఏళ్ల నాటి పుస్తకం" అని పెట్టి తర్వాత డబ్బు వాపసు ఇచ్చుకోవడం కన్నా ఆ ముందు పేజీ, వెనక పేజీ ఓపిగ్గా చదవడం మేలు.

తర్వాత స్థితి. "చాలా అరుదైనది, మంచి కండిషన్" అని రాసినవాడి దగ్గర అనుభవం ఉన్నవాడు పాట పాడడు. ఇలా రాయాలి: "1954 ముద్రణ, 1000 ప్రతులు. వెనక అట్ట లేదు. 31వ పేజీ నుంచి 34 దాకా పురుగు తొలిచిన రంధ్రం, రెండుచోట్ల అక్షరాలు పోయాయి. ముఖపత్రం మీద పాత యజమాని సంతకం, సిరాతో. పేజీలు లెక్కపెట్టాను, అన్నీ ఉన్నాయి." ఈ ఆఖరి వాక్యం విలువ అమ్మేవాళ్లకు తెలియదు. ఫోటోలు పగటి వెలుతురులో, నీడన తీయండి. ముందు అట్ట, వెన్ను, అచ్చు వివరాల పేజీ, ముద్రలు, వీటన్నిటితో పాటు అన్నిటికన్నా పాడైన పేజీ ఫోటో తప్పనిసరి.

శుభ్రం చేస్తామని పాడు చేసేవాళ్లు ఎక్కువ. పల్నాటి ఎండకు కాగితం అప్పటికే పెళుసెక్కి ఉంటుంది. చెక్క గుజ్జుతో చేసిన చౌక కాగితంలో ఆమ్లం ఉండటం వల్ల అది తనంత తానే పచ్చబడి విరుగుతుంది. దాన్ని మళ్లీ ఎండలో పెట్టకండి. సెల్లోటేపు అంటించొద్దు, కొత్తగా బైండు చేయించొద్దు. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి, చెదలు లేవని చూసుకుని ఊరుకోండి.

ముద్రల దగ్గర కొంచెం ఆగాలి. పుస్తకం మీద శాఖా గ్రంథాలయం ముద్రో కాలేజీ లైబ్రరీ ముద్రో ఉండి, దాన్ని రద్దు చేసినట్టు ఇంకో ముద్ర లేకపోతే అది మీ తాతగారు తిరిగి ఇవ్వడం మరిచిపోయిన పుస్తకం కావచ్చు. చాలా లైబ్రరీలు ముఖపత్రంతో పాటు లోపల ఒక నిర్ణీత పేజీ మీద కూడా ముద్ర వేస్తాయి, మొదటి పేజీ చించేసినా అది పట్టిస్తుంది. అలాంటిదాన్ని ఆ గ్రంథాలయానికి చూపించి అడగడమే మర్యాద. నిజంగా తీసేసిన పుస్తకమైతే ఆ సంగతి వివరణలో రాసి అమ్ముకోవచ్చు. ధర కాస్త తగ్గుతుంది, అంతే.

చట్టం మూడు చోట్ల అడ్డొస్తుంది. మొదటిది కాపీరైటు: మీరు కొన్న ప్రతిని మళ్లీ అమ్ముకోవడానికి 1957 కాపీరైటు చట్టం అభ్యంతరం చెప్పదు, అప్పటికే చలామణిలో ఉన్న ప్రతి అది. జిరాక్సు తీసి బైండు చేసి అమ్మితే మాత్రం రచయిత చనిపోయి అరవై ఏళ్లు నిండాయో లేదో చూసుకోవాలి. రెండోది, 1972 నాటి పురావస్తువుల చట్టం. శాస్త్ర, చారిత్రక, సాహిత్య విలువ ఉన్న రాతప్రతి, రికార్డు, పత్రం ఏదైనా 75 ఏళ్లు దాటితే పురావస్తువు. మిగతా వస్తువులకు ఆ గడువు నూరేళ్లు. పురావస్తువును ప్రైవేటు మనిషి దేశం దాటించడం నేరం, దాంతో వ్యాపారం చేయాలంటే లైసెన్సు కావాలి. ట్రంకుపెట్టెలో తాళపత్రాలు కనబడితే వేలం ఆలోచన పక్కనబెట్టి ఏ ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికో చెప్పండి. నూరేళ్లు దాటిన అచ్చు పుస్తకాన్ని విదేశానికి పంపేముందు అది పురావస్తువు కాదని పురావస్తుశాఖ ఇచ్చే ధ్రువపత్రం తీసుకోవడం క్షేమం. ఫెర్గూసన్ దొరికినవాడు దేశంలోని కొనుగోలుదారునే చూసుకోవడం సుఖం. మూడోది పన్ను: అచ్చు పుస్తకాలకు జీఎస్టీ లేదు, సైటు తీసుకునే కమీషన్ మీద ఉంటుంది.

ఎక్కడ అమ్మాలి అన్నది ఇప్పుడు కొంచెం చిక్కు ప్రశ్న. 2000లో బాజీ డాట్ కామ్ అనే దేశీ వేలం సైటు వచ్చింది. 2004లో ఈబే దాన్ని కొని ఈబే ఇండియాగా నడిపింది. 2017లో ఫ్లిప్‌కార్ట్ చేతికి వెళ్లి 2018 ఆగస్టులో మూతపడింది. అప్పటి నుంచి మామూలు మనిషి దేశంలోనే పాట పెట్టుకునేందుకు అంతటి వేదిక లేదు. విదేశీయులకు అమ్మాలంటే అంతర్జాతీయ ఈబే ఉంది. విదేశాలవాళ్లకు నేరుగా అమ్మితే డబ్బు రావడానికి పేపాల్ ఉంది, కానీ 2021 ఏప్రిల్ నుంచి అది మన దేశంలో విదేశీ చెల్లింపులకే పరిమితం. చాలా విలువైనదైతే ముంబయిలో, ఢిల్లీలో వేలం సంస్థలున్నాయి, చిన్న సరుకు అవి ముట్టుకోవు. మిగిలినదంతా ఫేస్‌బుక్, వాట్సాప్ గుంపుల్లో నడిచే పాట. అక్కడ నియమాలు మీరే రాసుకోవాలి: సర్కారువారి పాట ఎంత, ఒక్కో పెంపు ఎంత, ఏ రోజు ఏ గంటకు ముగింపు, తపాలా ఖర్చు ఎవరిది. మీ బావమరిది చేత దొంగపాట పాడించి ధర పెంచాలని చూడకండి. తెలుగు పుస్తకాలు కొనేవాళ్లు అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే, ఒక్కసారి బయటపడితే మళ్లీ ఎవరూ మీ పాటకు రారు. డబ్బు వేస్తాను, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ నొక్కండి అని కొన్నవాడు అంటే ఫోన్ పెట్టేయండి. డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు.

తపాలా విషయంలో పాతకాలపు రిజిస్టర్డ్ బుక్ పోస్టు 2024 డిసెంబరులో పోయింది. దాని బదులు 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ వచ్చింది. 300 గ్రాములకు 20 రూపాయలు, 5 కిలోలకు 100 రూపాయలు, పన్ను అదనం. చౌకే గానీ ఇది నేలమీదే పోతుంది, నిదానం. పుస్తకం మీద ప్రచురణకర్త పేరో ముద్రాపకుడి పేరో ఉండాలి. ముందు పేజీలు ఊడిన పుస్తకంతో కౌంటర్ దగ్గర వాదన తప్పదు. వేలల్లో పలికినదానికి స్పీడ్ పోస్టు, బీమా మేలు. ప్లాస్టిక్ కవరు, దాని మీద రెండువైపులా గట్టి అట్ట, మూలలకు అదనంగా ఇంకో మడత; వర్షాకాలమైతే ప్లాస్టిక్ రెండు పొరలు.

సర్కారువారి పాట ఎంత పెట్టాలి అన్నదానికి నా సలహా ఒక్కటే. ఆ ధరకు ఒక్కడే వచ్చి తీసుకుపోయినా మీకు కడుపు మండని అంకె పెట్టండి. రూపాయికి మొదలుపెడితే పోటీ పెరుగుతుందని చెప్పేవాళ్లున్నారు. వేలమంది చూసే సరుకుకు అది నిజం కావచ్చు, తెలుగు పుస్తకానికి ఇద్దరు దొరకడమే గొప్ప. ఒకటికి రెండుసార్లు పాట రాకపోతే వేలం ఆపేసి స్థిర ధర పెట్టండి. ఏడాదిలో ఎప్పుడో ఒకరోజు ఆ ఒక్కడూ వెదుక్కుంటూ వస్తాడు. రాదుగ పుస్తకాల్లాంటివి విడివిడిగా కన్నా పదేసి కట్టగా పెడితే తొందరగా పోతాయి, తపాలా ఖర్చు కూడా కలిసొస్తుంది. అప్పటికీ మిగిలినవాటిని విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపులవాళ్లకు ఫోటో పంపి అడగండి. వాళ్లు తక్కువే ఇస్తారు, కానీ కిలో లెక్కన మాత్రం అడగరు.